నీలిమందు, పాతాళగంధి, పిచ్చిమందు: ఒక కథకుడి ఆత్మవిమర్శ

మన కథల్లో పిచ్చివాడు ఎలా నడుస్తాడు?

ప్రశ్న వింతగా తోచవచ్చు. కాని పాఠకులు తాము చదివిన కథల్లోంచి మతి చలించిన పాత్రలను ఒకసారి గుర్తు తెచ్చుకోవాలని నా మనవి. చేతులు ఊపకుండా, పాదాలు నేలకు రాస్తూ నడుస్తాడు. ముఖం చెక్కబొమ్మలా ఉంటుంది. పెదవి చివర చొంగ కారుతుంది. నాలుక లోపలికీ బయటికీ ఆడుతుంటుంది. ఒకచోట కుదురుగా కూర్చోలేడు. ఇలాంటి వర్ణనలు నేను చాలా చదివాను. నేనూ రాశాను. తెలుగు ఎం.ఏ. పూర్తిచేసిన కొత్తలో, 2003లో, నేను రాసిన ఒక కథలో ఈ గుర్తులన్నీ ఉన్నాయి. ఒక మాసపత్రిక దాన్ని అచ్చువేసింది. పాత్రచిత్రణలో మంచి వాస్తవికత ఉందని మిత్రులు మెచ్చుకున్నారు.

ఆ వాస్తవికతను గురించే ఇప్పుడు మాట్లాడదలిచాను. పిచ్చి లక్షణాలనుకుని నేను వర్ణించినవాటిలో చాలా భాగం పిచ్చివల్ల కలిగినవి కావు. పిచ్చికి ఇచ్చే మందువల్ల కలిగినవి. ఈ సంగతి తెలియకుండా రాసినదాన్ని వాస్తవిక రచన అనవచ్చునా? ఇది వైద్యులకు వదిలేయదగిన ప్రశ్న కాదనీ, సాహిత్య విమర్శకు కూడా సంబంధించిందనీ నా అభిప్రాయం. అందుచేత ఆ మందు ఎక్కడినుంచి వచ్చింది, మెదడులో ఏం చేస్తుంది, దేన్ని బాగుచేసి దేన్ని చెరుస్తుంది అనే చరిత్రను ఇక్కడ పరిశీలిస్తాను. నేను వైద్యుణ్ణి కాను. నెల్లూరు జిల్లా సముద్రతీరంలో ఒక హైస్కూలులో తెలుగు చెప్పుకునే మాస్టర్ని. ఇది నాకు పట్టిన విషయం కావడానికి కారణం మా చిన్నాన్న.

మా చిన్నాన్న ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో లెక్కలు రాసేవాడు. పదో తరగతి చదివాడు. ఆయన చేతిరాత ముత్యాల కోవ. ఉత్తరం రాయవలసి వస్తే ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరికే వచ్చేవారు. 1988లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆయనకు మనుషులు లేనిచోట మాటలు వినిపించడం మొదలయింది. మడుల గట్ల మీద నిలబడి ఎవరికో జవాబు చెప్పేవాడు. ఉప్పు రాసుల మీద వాలే కొంగలు తనకోసం ఏదో కబురు తెచ్చాయనేవాడు. మా నాయనమ్మ ఆయన్ను మా జిల్లాలోనే ఉన్న ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయింది. మతి చలించినవారిని ఆ దర్గాకు తీసుకుపోయే ఆనవాయితీ అన్ని మతాలవారిలోనూ ఉంది. నలభై రోజులు అక్కడ ఉండి వచ్చారు. ఆ తర్వాత పట్నం ఆసుపత్రి. ఆ తర్వాత మాత్రలు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కాబట్టి చిన్నాన్న జబ్బును, చిన్నాన్న మందును నేను కలిపే చూశాను. రెండూ ఒకటే అనుకుని పెరిగాను.

మన సాహిత్యంలో ఉన్మాదం కొత్త వస్తువు కాదు. 1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాశారు. సీతారామారావు పతనం చివరికి ఉన్మాదంలో ముగుస్తుంది. ఆ నవలను మనం మధ్యతరగతి మనిషి అంతర్వైరుధ్యాల చిత్రణగా చదువుతాం. అది న్యాయమైన పఠనమే. అయితే ఒక సంగతి గమనార్హం. ఆ నవల వచ్చేనాటికి ఉన్మాదానికి ఇప్పుడు మనకు తెలిసిన మందులు ప్రపంచంలో ఎక్కడా వాడుకలో లేవు. 1950ల తర్వాత రాసిన రచయిత వీధిలో చూసిన ఉన్మాది వేరు. అతను మందు మింగిన మనిషి, లేదా మింగుతూ మానేసిన మనిషి కావచ్చు. ఈ తేడాను మన విమర్శ పట్టించుకోలేదు.

మందులు రాకముందు మన ప్రాంతంలో ఉన్నవి గోడలు. మద్రాసులో కంపెనీ పాలనలోనే 1794లో పిచ్చివాళ్ళకోసం ఒక ఆశ్రయం ఏర్పడింది. 1871లో అది కీల్పాక్‌కు మారింది. వాల్తేరులో 1860లలో మరొకటి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం గనుక, మా తీరం నుంచి రోగిని తీసుకుపోవాలంటే దగ్గరది కీల్పాకే. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రోగిని ఎలా బంధించాలో, ఎవరి ఉత్తర్వుమీద బంధించాలో వివరంగా చెప్పింది. అతనికి ఏం చికిత్స చేయాలో చెప్పడానికి ఆనాటి వైద్యానికే పెద్దగా తెలియదు. ఇన్సులిన్ ఎక్కించి స్మృతి తప్పించడం, 1938లో ఇటలీలో మొదలైన విద్యుత్ చికిత్స, మెదడు ముందుభాగపు నరాలను కోసే శస్త్రచికిత్స, ఇవే ఆ కాలపు సాధనాలు. మెదడు కోసే పద్ధతికి 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కీల్పాక్, ఎర్రగడ్డ అనే ఊరిపేర్లు మన నోళ్ళలో తిట్లుగా మారాయంటే, ఆ గోడలు జనంలో ఎంత భయం నింపాయో అర్థమవుతుంది.

ఈ స్థితిని మార్చిన మందు ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడ చరిత్ర మా జిల్లా మీదుగానే నడుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరు జిల్లాలో నీలి పండించేవారు. ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, అడుగున పేరిన ముద్దను ఎండబెట్టి ఎగుమతి చేసేవారు. మన భాషలో దాని పేరు నీలిమందు. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అంగడిలోకి దించింది. ఇరవై ఏళ్ళు తిరక్కముందే మన దేశపు నీలిసాగు కుప్పకూలింది. దీన్ని మనం వలస ఆర్థికవ్యవస్థ పాఠంలో చదువుకున్నాం. చదువుకోనిది మరొకటుంది. అదే కంపెనీలో, అదే రంగుల రసాయనశాస్త్రంలో, హైన్‌రిష్ కారో అనే శాస్త్రజ్ఞుడు 1876లో మిథిలీన్ బ్లూ అనే మరో నీలి రంగును తయారుచేశాడు. ఆ రంగు నిర్మాణాన్ని పరిశోధిస్తూ బెర్న్‌ట్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు 1883లో ఫినోథయాజిన్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. మిథిలీన్ బ్లూ జీవకణాలకు, ముఖ్యంగా నాడులకు, చక్కగా పట్టుకుంటుందని పాల్ ఎర్లిక్ చూశాడు. 1891లో దాన్ని మలేరియాకు కూడా వాడిచూశాడు. బట్టకు అంటే రంగు శరీరానికీ అంటుతుంది, అంటినచోట పనిచేస్తుంది అనే ఆలోచననుంచి ఆధునిక ఔషధ పరిశ్రమలో ఒక పెద్ద భాగం పుట్టింది. మన నీలితొట్లను ఎండబెట్టిన పరిశ్రమలోనే పిచ్చిమందుకు మూలపదార్థం తయారయింది. చరిత్రలో వైరుధ్యాలు ఇలాగే ఉంటాయి.

ఆ ఫినోథయాజిన్ నుంచి ఫ్రాన్సులో రోన్ పులాంక్ కంపెనీ మొదట దురదకు, జలుబుకు పనికివచ్చే మందులు చేసింది. 1950 డిసెంబరులో పాల్ షార్పాంటియే అక్కడ క్లోర్‌ప్రోమజైన్‌ను తయారుచేశాడు. హెన్రీ లాబొరీ అనే సైనిక శస్త్రవైద్యుడు ఆపరేషన్ సమయంలో రోగి శరీరం తట్టుకోవాలంటే దాన్ని ఒకరకమైన కృత్రిమ శీతనిద్రలో ఉంచాలని ప్రయత్నిస్తున్నాడు. ఈ మందు ఇస్తే రోగి స్పృహలోనే ఉంటూ, చుట్టూ జరిగేదానిపట్ల నిర్లిప్తంగా మారడం ఆయన గమనించాడు. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియేర్ డెనికర్ అనే వైద్యులు దాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. కేకలు తగ్గాయి. భ్రమలు సడలాయి. కొందరు ఏళ్ళ తర్వాత ఇంటికి వెళ్ళారు. లార్గాక్టిల్ అనే వ్యాపారనామంతో ఆ మందు ప్రపంచమంతా పాకింది. 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ సంస్థ హలోపెరిడాల్‌ను తయారుచేసింది. మా ఇంట్లో చిన్నాన్న మాత్రల డబ్బాలో కాలక్రమాన ఈ రెండూ ఉండేవి.

మందు పుట్టింది గాని, అది ఎలా పనిచేస్తుందో దాన్ని పుట్టించినవారికి తెలియదు. ఆ రహస్యం తెలియడానికి మన మొక్క ఒకటి తోడ్పడింది. తెలుగులో పాతాళగంధి అంటారు, సంస్కృతంలో సర్పగంధ. దాని వేరును పాముకాటుకు, నిద్రలేమికి, ఉన్మాదానికి మన నాటువైద్యులు వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఆ వేరు ఉన్మాదానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని ఆధునిక వైద్యపత్రికలో ప్రకటించారు. పాశ్చాత్య ప్రపంచం దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటుమీద దాని ప్రభావాన్ని ఇంగ్లండు పత్రికలో ప్రచురించాక దృష్టి మళ్ళింది. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. కొంతకాలం అది లార్గాక్టిల్‌తోపాటు ఉన్మాదానికి వాడుకలో ఉంది. రక్తపు పోటు మరీ పడిపోవడం, మనసు కుంగిపోవడం వంటి ఇబ్బందులవల్ల వెనకబడింది.

అయితే స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ ఆ రిసర్పిన్‌నే కుందేళ్ళకు ఇచ్చిచూశాడు. అవి కదలక మెదలక కూలబడిపోయాయి. డోపమిన్‌గా మారే పదార్థాన్ని ఎక్కిస్తే తిరిగి లేచాయి. 1957, 58 సంవత్సరాల్లో చేసిన ఈ పరిశోధనలవల్ల, డోపమిన్ అనేది మెదడులో నాడీకణాల మధ్య కబురు మోసే స్వతంత్ర రసాయనమని తేలింది. పిచ్చిమందులు కబురు అందుకునేచోటనే అడ్డుపడతాయని 1963లో ఆయన, లిండ్‌క్విస్ట్ కలిసి సూచించారు. 1970లలో ఆ అడ్డుపడేచోటును ఇతర శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో చూపారు. ఏ మందు అక్కడ గట్టిగా అంటుకుంటుందో ఆ మందు తక్కువ మోతాదులోనే పనిచేస్తుందని తేలింది. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ‘అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయి’ అనేవారికి ఈ చరిత్ర జవాబు చెబుతుంది. ‘మనవాళ్ళకు ఏమీ తెలియదు’ అనేవారికీ చెబుతుంది. వేరు మనది, దాన్ని వాడిన అనుభవం మనది. దాని పనితీరును విప్పిచెప్పింది ప్రయోగశాల.

మందు చేసే పనిని మా తీరపు భాషలో చెబుతాను. ఉప్పుటేరునుంచి కాలవ తవ్వి, తూముల ద్వారా మడులకు నీళ్ళు పెడతారు. తూముకు పలక దించితే నీరు ఆగుతుంది. మెదడులో డోపమిన్ ఆ నీరు. అందుకునే కణంమీద ఉండే గ్రాహకాలు తూములు. మందు పలక. రిసర్పిన్ చెరువునే ఖాళీచేస్తుంది. లార్గాక్టిల్, హలోపెరిడాల్ తూములకు పలకలు దించుతాయి. జబ్బులో ఒక కాలవలో నీరు పొంగుతున్నదని, అక్కడ పలక దించితే లేనిపోని మాటలు, భ్రమలు తగ్గుతాయని వైద్యుల అవగాహన. జబ్బుకు కారణమంతా ఇదేనని ఎవరూ అనడం లేదు. వంశపారంపర్యం, పుట్టుకనాటి దెబ్బలు, బతుకులోని ఒత్తిళ్ళు అన్నీ ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, మింగిన మందుకు ఏ కాలవ ఎటు పోతుందో తెలియదు. డోపమిన్ పారే దారులు మెదడులో ముఖ్యంగా నాలుగున్నాయి. ఒకటి భ్రమలకు సంబంధించింది. ఒకటి అవయవాల కదలికను నడిపేది. ఒకటి ఆలోచనకు, ఉత్సాహానికి పనికివచ్చేది. నాలుగోది పాలు పడే హార్మోనును అదుపులో ఉంచేది. పలకలు నాలుగింటికీ పడతాయి. మొదటిది ఆగినందుకు మాటలు వినిపించడం తగ్గుతుంది. రెండోది ఆగినందుకు కాళ్ళు బిగుస్తాయి, చేతులు వణుకుతాయి, ముఖంలో కండరాలు కదలవు. మూడోది ఆగితే మనిషి మందకొడి అవుతాడు. నాలుగోది ఆగితే ఆడవాళ్ళకు నెలసరి తప్పుతుంది, బిడ్డ లేకుండానే పాలు పడతాయి. పెళ్ళికాని అమ్మాయికి ఇలా జరిగితే మన ఊళ్ళలో ఆమె గురించి ఏం మాట్లాడతారో రచయితలకు నేను చెప్పనక్కరలేదు.

ఎంత పలక దించాలన్నదే వైద్యుడి నేర్పు. మెదడును సజీవంగా చిత్రించే పెట్ స్కాన్లు వచ్చాక లెక్క కొంత తేలింది. ఆ తూముల్లో సుమారు 65 శాతం మూసుకుంటే మందు పనిచేయడం మొదలవుతుంది. 80 శాతం దాటితే బిగుసుకుపోవడం మొదలవుతుంది. మధ్య ఉన్న గట్టు సన్నం. చిన్నాన్నకు మాత్రలు మొదలుపెట్టిన కాలానికి ఈ లెక్క తేలలేదు. అరుపు ఆగేదాకా మోతాదు పెంచడమే పద్ధతి.

మా ఇంట్లో నేను చూసినవాటిని ఇప్పుడు ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పగలను. మాత్రలు మొదలైన మూడో రోజున చిన్నాన్న మెడ ఒకవైపుకు తిరిగిపోయింది. కనుగుడ్లు పైకి లేచి నిలిచిపోయాయి. ఊరంతా వచ్చి దయ్యం ఎదురుతిరిగిందన్నారు. అది మందువల్ల కండరాలు పట్టేయడం. ఒక ఇంజెక్షన్‌తో తగ్గింది. తర్వాత నెలల తరబడి ఆయన వసారాలో అటూ ఇటూ నడిచేవాడు. అన్నం ముందు కూర్చుని లేచేవాడు. ‘ఒంట్లో చీమలు పారతండాయి వదినా, కూర్చోలేకుండా ఉండా’ అని మా అమ్మతో అనేవాడు. పిచ్చి ముదిరిందని మళ్ళీ మోతాదు పెంచారు. కూర్చోలేకపోవడం అనే ఈ బాధకు వైద్యంలో అకథీసియా అని పేరుంది. అది జబ్బు ముదరడంలాగే కనిపిస్తుంది. కాబట్టి తగ్గించవలసినచోట పెంచడం జరుగుతుంటుంది. పెంచినకొద్దీ బాధ పెరుగుతుంది.

ఎండ సంగతి మరీ ఘోరం. లార్గాక్టిల్ తీసుకునేవారి చర్మం ఎండకు తట్టుకోదు. ఈ మందులు ఒంటి వేడిని సరిచేసుకునే శక్తిని కూడా దెబ్బతీస్తాయి. వణుకుకు విరుగుడుగా ఇచ్చే పాసిటేన్ వంటి మాత్రలు చెమటను ఆపుతాయి. లాబొరీ వెతికింది శీతనిద్రనని మరిచిపోరాదు. ఆ మందు పారిస్ చలిగదుల్లో పరీక్షకు నిలిచింది. దాన్ని వేసుకుని మా చిన్నాన్న మే నెలలో ఉప్పు మడుల్లో నిలబడ్డాడు. కింద ఉప్పు తెల్లగా మెరుస్తూ ఎండను తిరగ్గొడుతుంది. నీడకు ఒక చెట్టు ఉండదు. ముఖం, మెడ, ముంజేతులు కమిలి నల్లబడ్డాయి. 1994 వేసవిలో చెమట పట్టకుండానే ఒళ్ళు కాలి మడిలో పడిపోయాడు. ఎండలో పనిచేయకూడదని మందు రాసినవారెవరూ చెప్పలేదు. చెప్పినా, ఎండలో పనిచేయనివాడికి మా ఊళ్ళో కూలి ఎవరిస్తారు? దుష్ఫలితం అనేది మందులో మాత్రమే ఉండదు. అది మనిషి చేసే పనిలో, అతని వర్గంలో కూడా ఉంటుంది. నీడన కూర్చుని పనిచేసే గుమాస్తాకు ఒకరకంగా ఉండే మాత్ర, కూలివాడికి మరోరకంగా ఉంటుంది.

ఆ పడిపోవడంతో భయపడి ఇంట్లోవాళ్ళు మాత్రలన్నీ ఒక్కసారిగా మానిపించారు. మొదటి నెల చిన్నాన్న మనిషి తేటపడ్డాడు. ముఖంలో నవ్వు కనిపించింది. మందే అసలు జబ్బని అందరం నమ్మాం. రెండో నెలలో మాటలు తిరిగివచ్చాయి. ఒక రాత్రి ఇల్లు విడిచిపోయాడు. పంతొమ్మిది రోజుల తర్వాత గూడూరు స్టేషన్లో, కాళ్ళు పుండ్లుపడి, ఎముకల గూడులా దొరికాడు. అందుచేత ఈ వ్యాసాన్ని ఎవరూ మందులకు వ్యతిరేకమైన వాదంగా తీసుకోరాదని గట్టిగా చెబుతున్నాను. మందు మానడమైనా, తగ్గించడమైనా, మార్చడమైనా వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా జరగాలి. మందువల్ల బాధ ఉంది. మందు లేకపోతే మనిషే దక్కకపోవచ్చు. ఈ రెండు నిజాలనూ కలిపి పట్టుకోవడమే కష్టం.

పదేళ్ళ, పదిహేనేళ్ళ వాడకం తర్వాత మరొకటి రావచ్చు. నాలుక, పెదవులు, దవడ వాటంతటవి కదులుతుంటాయి. 1957లోనే జర్మనీనుంచి దీన్ని గురించిన తొలి వార్త వచ్చింది. టార్డివ్ డిస్కినీసియా అంటారు, అంటే ఆలస్యంగా వచ్చే కదలికల దోషం. మందు ఆపినా కొందరిలో అది పోదు. నా కథలో నేను ఎంతో శ్రద్ధగా వర్ణించిన నాలుక ఇదే. మందులు లేని కాలంలో కూడా కొందరు ఉన్మాద రోగుల్లో బిగుసుకుపోవడం, వింత కదలికలు వైద్యులు గమనించారు. ప్రతిదాన్నీ మందుకే అంటగట్టడం శాస్త్రీయం కాదు. కాని మా చిన్నాన్న విషయంలో సందేహం లేదని 2006లో ఆయన్ను పరీక్షించిన వైద్యుడు నాతో చెప్పాడు. నేను ఆయన వెంట వెళ్ళడం అదే మొదటిసారి. ‘ఈ కదలిక ఎప్పటినుంచి?’ అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. దాన్ని పాత్రచిత్రణకు వాడుకున్నవాణ్ణి, ఎప్పుడు మొదలయిందో చూడలేదు.

ఇంటికి వచ్చి చిన్నాన్న పాత ఉత్తరాలు తీశాను. 1987లో ఆయన రాసిన పోస్టుకార్డులో అక్షరాలు గుండ్రంగా, తలకట్లు నిండుగా ఉన్నాయి. 1990 కార్డులో పంక్తి మొదట ఉన్న అక్షరం చివరికి వచ్చేసరికి ఆవగింజంతయింది. ‘క్షేమం’ అన్న మాటలో ‘క్ష’ కిందా మీదా కలిసిపోయి చుక్కలా ఉంది. ఇరవై ఏళ్ళుగా పిల్లల చేతిరాతలు దిద్దుతున్నవాణ్ణి, మా ఇంట్లో ఉన్న ఈ సాక్ష్యాన్ని చదవలేకపోయాను. తర్వాత తెలిసింది, దీనికి కూడా చరిత్ర ఉందని. హాసే అనే జర్మన్ వైద్యుడు రోగుల చేతిరాత కుదించుకుపోవడాన్నే మందు మోతాదుకు కొలబద్దగా వాడాడు. రాత సన్నబడటం మొదలయితే మోతాదు చాలినట్టు, అంతకు మించనక్కరలేదని ఆయన వాదన. నాడులను పట్టి ఉంచేది అనే అర్థంలో డెనికర్, డిలే ఈ మందులకు న్యూరోలెప్టిక్ అని పేరుపెట్టారు. బిగుసుకుపోవడాన్ని మందు పనిచేస్తున్నదనడానికి గుర్తుగా ఆనాటి వైద్యులు చాలామంది భావించారు. దుష్ఫలితం, సత్ఫలితం విడదీయరానివని ఒక తరం వైద్యం నమ్మింది.

ఆ నమ్మకాన్ని క్లోజపిన్ దెబ్బకొట్టింది. బిగుసుకుపోవడం దాదాపు లేకుండానే అది పనిచేసింది. కాని 1975లో ఫిన్లండ్‌లో దాన్ని వాడిన కొందరు రోగులు రక్తంలో తెల్లకణాలు పడిపోయి మరణించారు. మందు చాలా దేశాల్లో మూలపడింది. ఇతర మందులకు లొంగని జబ్బులో అది పనిచేస్తుందని 1988లో అమెరికాలో రుజువయ్యాక, క్రమం తప్పక రక్తపరీక్ష చేయాలన్న షరతుతో తిరిగి వచ్చింది. 1990లలో రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటి కొత్త తరం మందులు వచ్చాయి. వీటిలో బిగుసుకుపోవడం తక్కువ. ఒలాంజపిన్, క్లోజపిన్‌లతో ఒళ్ళు బరువెక్కడం, షుగరు రావడం ఎక్కువ. చిన్నాన్నకు మందు మెల్లగా మార్చారు. నడక తేలికపడింది. వణుకు తగ్గింది. నాలుక కదలిక కొంత మిగిలింది. నాలుగేళ్ళలో పద్నాలుగు కిలోలు పెరిగి, షుగరు మాత్ర కూడా తోడయింది. ఒక బాధ తీసి మరో బాధ ఇచ్చే ఈ లావాదేవీలో రోగిని అడిగి చేసేది తక్కువ. డోపమిన్ తూములను నేరుగా మూయకుండా పనిచేసే ఒక మందుకు 2024 సెప్టెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. అది ఉప్పు మడులదాకా వచ్చేది ఎప్పుడో, ఏ ధరకో చూడాలి.

ఇప్పుడు సాహిత్యానికి వస్తాను. 2003 పార్ట్‌లలో నా కథ అచ్చయిన పత్రికను నేను ఇంట్లో దాచిపెట్టాను. చిన్నాన్న దాన్ని ఎప్పుడో తీసి చదివాడు. మందు మారిన తర్వాత, 2008లో ఒక సాయంత్రం, వసారాలో కూర్చుని అడిగాడు.

‘ఏం అబ్బయ్యా, నా మింద కథ రాసినావంట గదా. చదివినా.’

నేను తలెత్తలేకపోయాను.

‘నా మూతి ఎట్లాడతాదో, నా కాళ్ళు ఎట్ల ఈడస్తానో అంతా రాసినావు. బాగనే రాసినావు. నేనేం చెప్తాండేవాణ్ణో ఒక్క ముక్కన్నా రాయలేదేందిరా?’

ఆ ప్రశ్నలో నిష్ఠూరం కంటే ఆశ్చర్యం ఎక్కువ. అప్పటినుంచి నేను దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. నేను ఆయన శరీరాన్ని మాత్రమే చూశాను. శరీరంలో కూడా మందు చేసిన మార్పులను చూసి మనసు అనుకున్నాను. కొంగలు ఏం కబురు తెచ్చాయని ఆయన అనేవాడో నేను ఒక్కనాడూ అడగలేదు. అది అర్థంలేనిదని తీర్మానించుకున్నాను.

అది అర్థంలేనిది కాదని, అర్థం మరీ ఎక్కువైనదని ఇప్పటి శాస్త్రంలో ఒక వాదం ఉంది. శితిజ్ కపూర్ అనే భారతీయ సంతతి వైద్యుడు 2003లో, అంటే నా కథ వచ్చిన ఏడాదే, దీన్ని ప్రతిపాదించాడు. ఏది ముఖ్యం, దేన్ని పట్టించుకోవాలి అని లోకంలోని వస్తువులకు ప్రాధాన్యం కల్పించడం డోపమిన్ చేసే పనుల్లో ఒకటి. అది అదుపు తప్పితే ఏ విశేషమూ లేని వస్తువు కూడా ఏదో చెబుతున్నట్టు తోస్తుంది. కొంగ కబురవుతుంది. రేడియోలో ప్రకటన తనకోసమే అవుతుంది. ఆ బరువును మోయలేక మనసు ఒక కథ అల్లుకుంటుంది. మనం దాన్ని భ్రమ అంటాం. మందు ఆ కథను చెరిపివేయదు. దానికున్న బరువును తగ్గిస్తుంది. ‘మాటలు ఇప్పుడూ వస్తాయి, కాని వాటితో నాకు పనిలేదు’ అని చిన్నాన్న అనడం ఈ వాదానికి సరిగ్గా సరిపోతుంది.

ధ్వని సిద్ధాంతం చదువుకున్న సాహిత్య విద్యార్థులకు ఇది వెంటనే అర్థం కావాలి. వాచ్యార్థాన్ని దాటి వ్యంగ్యార్థాన్ని అందుకోవడం సహృదయుడి లక్షణమన్నారు. ప్రతి వాచ్యమూ వ్యంగ్యమై మీదపడితే ఆ మనిషి ఎలా బతుకుతాడు? ఉన్మాదాన్ని కవిత్వంతో పోల్చి మురిసిపోయే ధోరణి మన సాహిత్యంలో ఉంది. ఆ ధోరణి ఈ బాధను చూడదు. ఉన్మాదిని వింత జంతువుగా వర్ణించే నా కథ వంటివీ చూడవు. రెండింటిలోనూ లోపించింది ఆ మనిషి మాట.

అభ్యుదయ రచయితలుగా మనం కూలి గురించి రాసేటప్పుడు కూలిరేటు తెలుసుకుంటాం. చేనేత గురించి రాసేటప్పుడు మగ్గం భాగాల పేర్లు తెలుసుకుంటాం. మతి చలించిన పాత్రను రాసేటప్పుడు మాత్రం చూసింది చాలనుకుంటాం. ఆ పాత్రను సృష్టించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా సూచన. నేను చూస్తున్నది జబ్బా? మందా? లేక మనం చేసిన నిర్లక్ష్యమా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాక అంటుకుని, గొలుసులతో కట్టి ఉంచిన రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ గొలుసు జబ్బు లక్షణం కాదు. రోగిని గొలుసులతో కట్టరాదని, చికిత్స గురించి, దాని దుష్ఫలితాల గురించి తెలుసుకునే హక్కు అతనికి ఉందని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ఆ హక్కు కాగితం దిగి మా తీరానికి రావాలంటే, ఎండలో పనిచేసేవాడికి ఏ మాత్ర ప్రమాదమో తెలుగులో చెప్పేవాళ్ళు కావాలి. ఆ పని వైద్యులదే అని రచయితలు తప్పుకోరాదు.

నా తొలి కథాసంపుటి వేద్దామని మిత్రులు అంటున్నారు. ఆ కథను తీసివేయమని ఒకరు, తిరిగి రాయమని మరొకరు సలహా ఇచ్చారు. తీసివేస్తే నా పొరపాటు మాయమవుతుంది. తిరిగి రాస్తే నేను మొదటినుంచీ తెలిసినవాడిలా కనిపిస్తాను. కాబట్టి సంవత్సరంతో సహా దాన్ని అలాగే ఉంచి, దాని పక్కన మరో కథ రాస్తున్నాను. అందులో మాట్లాడేది చిన్నాన్నే. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి. సాయంత్రాలు వసారాలో కూర్చుని ఆయన చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. కొంగల దగ్గర మొదలుపెట్టాం.